జూద వ్యసనం - చికిత్సకు నిధి ఎక్కడిది?

మందాగ్ని, నిద్రలేమి, ఛాతీలో మంట, చేతుల్లో వణుకు - ఈ నాలుగు బాధలతో ఇరవయ్యారేళ్ళ యువకుడొకడు కొన్నేళ్ళ క్రితం నా వద్దకు వచ్చాడు. నాడి చూచాను. వాతపిత్తాలు రెండూ ప్రకోపించి ఉన్నాయి. ఆహారాన్ని గూర్చి, విరేచనాన్ని గూర్చి, ఉద్యోగాన్ని గూర్చి అడిగాను. రాత్రిపూట పని ఉంటుందన్నాడు. అవిపత్తికర చూర్ణం ఇచ్చి, రాత్రి పాలతో అశ్వగంధ పుచ్చుకోమని, పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేసుకోమని చెప్పి పంపాను. మూడు నెలలు క్రమం తప్పకుండా వచ్చాడు. గుణం మాత్రం కనిపించలేదు.

నాలుగవ నెలలో అతడి తల్లి ఒంటరిగా వచ్చింది. ఆమె మెడలో పుస్తెలతాడు లేదు, పసుపుతాడు ఉన్నది. "అయ్యగారూ, మా వాడికి మందులిస్తున్నారు గానీ, వాడు జీతం డబ్బులేం చేస్తున్నాడో ఒక్కసారన్నా అడిగారా?" అన్నది. ఆ కుర్రవాడు రాత్రంతా చేస్తున్న పని సెల్‌ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడటం. అప్పటికి ఆరు లక్షల అప్పు అయింది.

నేను సిగ్గుపడ్డాను. మా గురువుగారు రోగిని పరీక్షించేటప్పుడు మూడు ప్రశ్నలు తప్పక వేసేవారు. నిద్ర ఎట్లా ఉన్నది? ఆకలి ఎట్లా ఉన్నది? అప్పు ఎంత ఉన్నది? శిష్యులం మూడవ ప్రశ్న విని నవ్వుకునేవాళ్ళం. నాడిలో కనిపించనిది ఆ ప్రశ్నలో కనిపిస్తుందని ఆయన చెప్పేవారు. నేను స్వయంగా వైద్యం మొదలుపెట్టిన తరువాత, రోగి నొచ్చుకుంటాడేమోనని ఆ మూడవ ప్రశ్న అడగడం మానుకున్నాను. దాని ఫలితం ఆ తల్లి మెడలో చూచాను.

ఆ తరువాత వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. వ్యాధి తెలిసింది, కానీ రోగిని ఎక్కడికి పంపాలి? మద్యపానం మాన్పించే కేంద్రం ఒకదానికి ఫోను చేస్తే, "తాగుతాడా? గంజాయి అలవాటున్నదా? రెండూ లేకపోతే మేము చేర్చుకోము" అన్నారు. పట్నంలో మనోవైద్యుని వద్ద వారం వారం సలహా తీసుకోవాలంటే, అప్పుల్లో మునిగిన ఆ ఇంటికి ఫీజు భారం. రోగం వల్లనే దరిద్రం వచ్చింది, దరిద్రం వల్ల చికిత్స అందడం లేదు. జూద వ్యసనం విషయంలో ప్రభుత్వ నిధి ఎందుకు అవసరమో ఆనాడు నాకు బోధపడింది. ఆ విషయాన్నే ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాను.

జూదం దురలవాటా, వ్యాధియా?

జూదం మానవజాతికి కొత్త కాదు. ఋగ్వేదం పదవ మండలంలో జూదరి దుఃఖాన్ని వర్ణించే సూక్తం ఒకటి ఉన్నది. ధర్మరాజు కథ, నలమహారాజు కథ మనకు చిన్ననాటి నుండి తెలిసినవే. ధర్మం తెలిసినవాడు కూడా పాచికల ముందు కూర్చుంటే వివేకం కోల్పోతాడని ఆ కథలు చెబుతున్నాయి.

చరకసంహిత సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయంలో సద్వృత్తాన్ని, అనగా మంచి నడవడిని, బోధిస్తూ మద్యం, జూదం మొదలైన వాటియందు రుచి పెంచుకోరాదని ఆచార్యుడు చెప్పాడు. వైద్యగ్రంథంలో ఈ మాట ఉండటం గమనించదగినది. ఏడవ అధ్యాయంలో, మలమూత్రాది వేగాలను ఆపరాదని చెబుతూనే, లోభం, శోకం, భయం, క్రోధం వంటి మనోవేగాలను మాత్రం తప్పక నిలపాలని చెప్పాడు.

రోగాలకు మూలకారణాలలో ఒకటిగా మన శాస్త్రం ప్రజ్ఞాపరాధాన్ని పేర్కొన్నది. ధీ, ధృతి, స్మృతి అనే మూడు శక్తులు చెడినప్పుడు మనిషి తనకు కీడు చేసే పనిని తానే చేస్తాడు. జూదరిలో ఈ మూడూ ఎట్లా చెడతాయో చూడండి. 'పోయిన చోటే వెతుక్కోవాలి' అనుకుంటాడు, ఇది ధీభ్రంశం. ఈ ఒక్క ఆటతో లేచిపోదామనుకొని లేవలేడు, ఇది ధృతిభ్రంశం. నిన్న రాత్రి పోయిన పదివేలు మరచి, నెల క్రితం వచ్చిన రెండువేలు మాత్రం తలచుకుంటాడు, ఇది స్మృతిభ్రంశం. ఇట్టివానికి బుద్ధి చెప్పినంత మాత్రాన, తిట్టినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. చెడింది ఆ బుద్ధే కదా!

ఆధునిక వైద్యం కూడా ఈ నిర్ణయానికే వచ్చింది. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో జూద వ్యసనాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చింది. 2013లో దానిని మద్యం, మత్తుపదార్థాల వ్యసనాల సరసకు మార్చింది. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ వర్గీకరణలోనూ జూద వ్యసనం వ్యాధిగానే ఉన్నది. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆట మెదడును ఎక్కువగా పట్టి ఉంచుతుంది. ఒక్క ముక్క తేడాతో ఓడిపోతే, ఓటమిగా గాక గెలుపు దగ్గరపడినట్టుగా తోస్తుంది. మళ్ళీ ఆడాలన్న కోరిక అక్కడ పుడుతుంది.

ఒక రోగి, ఒక జనపదం

వైద్యుడు ఒక రోగికి మందివ్వగలడు. ఊరంతా ఒకే రోగంతో పడుకుంటే ఒక వైద్యుని శక్తి చాలదు. చరకుడు విమానస్థానం మూడవ అధ్యాయంలో జనపదోధ్వంసాన్ని వివరించాడు. మనుషుల ప్రకృతులు వేరువేరైనా, ఆహారాలు వేరువేరైనా, అందరికీ ఉమ్మడిగా ఉండే గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు అందరూ ఒకేసారి రోగగ్రస్తులవుతారు. ఆ చెడుకు మూలం అధర్మమని, ఆ అధర్మానికి మూలం ప్రజ్ఞాపరాధమని, పాలకుల తప్పులు జనులకు చేరతాయని కూడా అక్కడ చెప్పబడింది.

ఈనాడు సెల్‌ఫోను అందరికీ ఉమ్మడి గాలి వంటిది అయింది. పూర్వం జూదమాడాలంటే ఊరి బయట తోటకో, క్లబ్బుకో వెళ్ళాలి. పోలీసులకు భయపడాలి. ఇప్పుడు పక్కమీద పడుకొని, దుప్పటి కప్పుకొని, ఒక్క వేలితో నెల జీతం పోగొట్టుకోవచ్చు. వ్యాధి ఇట్లా వ్యాపించినప్పుడు చికిత్స కూడా ఉమ్మడిగానే జరగాలి. అందుకు ఉమ్మడి సొమ్ము కావాలి.

ఆ సొమ్ముతో చేయవలసిన పనులు మూడు. మొదటిది నివారణ. ఆట మొదలుపెట్టక ముందే పిల్లలకు, యువకులకు, తల్లిదండ్రులకు ప్రమాదాన్ని తెలియజెప్పడం. రెండవది చికిత్స. శిక్షణ పొందిన వైద్యులను, సలహాదారులను నియమించి, రోగి నుండి రుసుము తీసుకోకుండా వైద్యం చేయడం. మూడవది పరిశోధన. ఎందరికి వ్యాధి ఉన్నది, ఏ చికిత్స వల్ల గుణం కలుగుతున్నది, ఎవరు మళ్ళీ జారిపోతున్నారు అన్నది లెక్క గట్టడం. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలిన రెండూ కుంటుపడతాయి.

బ్రిటన్ నేర్చుకున్న పాఠం

ఈ మూడు పనులకూ సొమ్ము ఎవరివ్వాలి, ఎవరి చేతిమీదుగా ఖర్చు కావాలి అన్న ప్రశ్నకు సమాధానం కోసం బ్రిటన్ దేశం దాదాపు పాతికేళ్ళు తర్జనభర్జన పడింది. ఆ అనుభవం మనకు పనికివస్తుంది గనుక కొంత వివరంగా చెబుతాను.

2001లో అక్కడి ప్రభుత్వం నియమించిన సమీక్షా సంఘం, జూద వ్యాపారులు ఏటా కనీసం 30 లక్షల పౌండ్లు స్వచ్ఛందంగా ఇచ్చి ఒక ధర్మనిధిని ఏర్పరచాలని, ఇవ్వకపోతే చట్టం ద్వారా వసూలు చేయాలని సూచించింది. 2002లో అట్టి ధర్మనిధి ఏర్పడింది. 2005లో వచ్చిన జూద చట్టం వ్యాపారాన్ని విస్తరించడానికి దారి తెరచింది. టీవీలలో ప్రకటనలకూ వీలు కలిగింది. అదే చట్టంలోని 123వ సెక్షను, చికిత్సాదుల కోసం వ్యాపారుల నుండి సుంకం వసూలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కానీ ఆ సెక్షనును దాదాపు ఇరవై ఏళ్ళు వాడలేదు. వ్యాపారులు మనసుకు తోచినంత ఇచ్చారు. ఆదాయంలో వెయ్యింటికి ఒక పౌండు చొప్పున ఇవ్వమని కోరడమే తప్ప, ఇంత ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు.

ఆ దేశపు ప్రభుత్వ వైద్యసేవా సంస్థ ఎన్.హెచ్.ఎస్. ఆధ్వర్యంలో జూద వ్యసనానికి మొదటి ప్రత్యేక వైద్యశాల 2008లో లండన్‌లో ప్రారంభమైంది. దానిని స్థాపించినవారు హెన్రియెట్టా బౌడెన్-జోన్స్ అనే మనోవైద్యురాలు. చాలా ఏళ్ళు దేశంలో అటువంటిది అదొక్కటే. క్రమంగా సంఖ్య పెరిగి, 2024 నాటికి ఇంగ్లాండులో పదిహేను వైద్యశాలలు అయ్యాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంఘటన జరిగింది. ఈ వైద్యశాలలకు కొంత సొమ్ము, జూద వ్యాపారుల చందాలతో నడిచే ధర్మసంస్థ ద్వారా వచ్చేది. 2022 ఫిబ్రవరిలో ఇంగ్లాండు ఎన్.హెచ్.ఎస్. ఆ సొమ్ము ఇక తీసుకోబోమని, ఏప్రిల్ నుండి తన సొంత నిధులతోనే వైద్యం చేస్తానని ప్రకటించింది. కారణం ఏమిటంటే, తమను ముంచిన వ్యాపారి సొమ్ముతో నడిచే చోట చికిత్స పొందడానికి రోగులు ఇబ్బంది పడ్డారు. ఇది కేవలం అభిమానం ప్రశ్న అని తీసివేయరాదు. చికిత్సకు నాలుగు పాదాలు - వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి - అని మన శాస్త్రం చెబుతున్నది. రోగికి వైద్యునిపై నమ్మకం లేనప్పుడు తన దాపరికం విప్పి చెప్పడు. చెప్పనప్పుడు నాలుగవ పాదం విరిగినట్టే. నా వద్దకు వచ్చిన యువకుడు మూడు నెలలు దాచిన సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

2023 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం తన శ్వేతపత్రంలో నిర్బంధ సుంకాన్ని ప్రకటించింది. 2025 ఏప్రిల్ 6 నుండి అది అమలులోకి వచ్చింది. జూద వ్యాపారి ఆటగాళ్ళ నుండి తనకు మిగిలిన ఆదాయంపై, వ్యాపార రకాన్ని బట్టి 0.1 శాతం నుండి 1.1 శాతం వరకు చెల్లించాలి. ఆన్‌లైన్ జూదానికి ఎక్కువ రేటు. ఏటా సుమారు 10 కోట్ల పౌండ్లు వస్తాయని అంచనా. దానిలో 50 శాతం చికిత్సకు, 30 శాతం నివారణకు, 20 శాతం పరిశోధనకు కేటాయించారు. చికిత్స భాగం ఎన్.హెచ్.ఎస్.కు, నివారణ భాగం ప్రభుత్వ ప్రజారోగ్య విభాగానికి, పరిశోధన భాగం జాతీయ పరిశోధన సంస్థకు చేరుతుంది. ఇచ్చేవాడు వ్యాపారి. ఎట్లా ఖర్చు చేయాలో నిర్ణయించే చోట మాత్రం అతడికి స్థానం లేదు. చందాలపై నడిచిన పాత ధర్మసంస్థ 2026 మార్చి చివరికి మూతపడతానని 2025లో ప్రకటించింది.

ఇదంతా చాలునా? చాలదు. జూదం వల్ల ఇంగ్లాండు సమాజంపై పడుతున్న భారం ఏటా 105 కోట్ల నుండి 177 కోట్ల పౌండ్ల వరకు ఉంటుందని 2023లో ప్రభుత్వ విభాగమే అంచనా వేసింది. దానితో పోలిస్తే 10 కోట్లు స్వల్పం. అయినా ఏటా ఎంత వస్తుందో ముందే తెలిస్తే వైద్యుని నియమించవచ్చు, కేంద్రం తెరవవచ్చు. ఈ ఏడు వచ్చి మరుసటి ఏడు రాని చందాతో ఆ పని చేయలేము.

2025 జనవరిలో అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ జూద వ్యసన చికిత్సకు మార్గదర్శకాలు వెలువరించింది. ఇతర బాధలతో వచ్చిన రోగిని కూడా జూదాన్ని గూర్చి అడగాలని అందులో ఉన్నది. ఆలోచనను, ప్రవర్తనను సరిదిద్దే మానసిక చికిత్సకు ప్రాధాన్యం ఇచ్చి, దానితో గుణం కలగనప్పుడు నాల్ట్రెక్సోన్ అనే మందును పరిశీలించవచ్చని చెప్పారు. అది చదివినప్పుడు మా గురువుగారి మూడవ ప్రశ్న నాకు గుర్తుకు వచ్చింది.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఈ పత్రిక చదువుతున్నట్లయితే, ఇంగ్లాండులో ఈ వైద్యశాలలు ఉన్నాయన్న సంగతి పిల్లలకు తెలియజేయాలి. గామ్‌స్టాప్ అనే పథకంలో పేరు నమోదు చేసుకుంటే అక్కడ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ జూద సంస్థలేవీ ఆ వ్యక్తిని ఆడనివ్వరాదు.

న్యూజిలాండు ఈ దారిలో బ్రిటన్ కంటె ముందే నడిచింది. అక్కడ 2003 నాటి జూద చట్టం ప్రకారమే సుంకం వసూలవుతున్నది. ఏ రకం జూదంపై జనం ఎంత ఖర్చు పెట్టారన్నది ఒక లెక్క, ఆ జూదం వల్ల ఎందరు సహాయం కోసం వచ్చారన్నది మరొక లెక్క. రెండింటినీ కలిపి ఆయా రంగాల వాటా నిర్ణయిస్తారు. ఎక్కువ రోగులను పంపే జూదం ఎక్కువ చెల్లించాలన్నది అక్కడి న్యాయం.

మన దేశంలో పరిస్థితి

జూదం నుండి రాజ్యం ఆదాయం పొందడం మన దేశంలో పాత సంగతే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వంతులు, పాచికల అద్దె, స్థలపు రుసుము అతడు వసూలు చేసేవాడు. నేటి పాలకులు వసూలు చేసే పన్ను అంతకంటె చాలా ఎక్కువ.

తెలుగునాట 1974 నాటి జూద చట్టం ఉన్నది. పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు చెప్పింది. దశాబ్దాల తరువాత ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం ఆ తీర్పు నీడలోనే పెరిగింది. కుటుంబాలు కూలిపోవడం చూచి, 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి.

మరొకవైపు 2023 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ ఆటల పందెపు సొమ్ముపై 28 శాతం జి.ఎస్.టి. విధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టాన్ని ఆమోదించింది. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు పందెంగా పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఈ చట్టం నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చే వారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడినవారికి మాత్రం శిక్ష లేదు. వారిని బాధితులుగా చూడటం మంచి మార్పు. ఈ ఆటల వల్ల దేశంలో 45 కోట్ల మంది ఏటా సుమారు 20,000 కోట్ల రూపాయలు నష్టపోతున్నారని ఆ సందర్భంలో ప్రభుత్వ వర్గాలు తెలిపాయి.

నిషేధాన్ని నేను స్వాగతిస్తున్నాను. అయితే వైద్యునిగా ఒక మాట చెప్పాలి. విషపు బావిని పూడ్చినా, ఇప్పటికే ఆ నీరు తాగినవానికి చికిత్స చేయాలి. ఆట మూతపడినంత మాత్రాన ఆ కోరిక పోదు, అప్పు తీరదు. కొందరు విదేశాల నుండి దొంగచాటుగా నడిచే బెట్టింగు సైట్లకు, మరికొందరు క్రికెట్ పందేలకు మళ్ళుతారు. చట్టం వ్యాపారిని శిక్షించింది, ఆటగాణ్ణి క్షమించింది. అతణ్ణి బాగుచేయడానికి ప్రత్యేకమైన సుంకం గాని, నిధి గాని మనకు ఏర్పడలేదు.

ఉన్న సదుపాయాలు కొన్ని చెబుతాను. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 2014 నుండి ఫోను, ఇంటర్‌నెట్టు, ఆటల వ్యసనాలకు ప్రత్యేక విభాగం నడుస్తున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే, తెలుగులోనే ఉచితంగా మానసిక వైద్య సలహా దొరుకుతుంది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. మద్యం, మత్తుపదార్థాల వ్యసనానికి కేంద్ర ప్రభుత్వ సహాయంతో పునరావాస కేంద్రాలు నడుస్తున్నాయి. జూదరి మాత్రం ఈ రెండు రకాల ఆసుపత్రుల మధ్య దిక్కు తోచక నిలబడుతున్నాడు.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు అని చెప్పింది. మానసిక వ్యాధి నిర్ణయానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వంటి ప్రమాణాలను అనుసరించాలనీ చెప్పింది. ఆ వర్గీకరణలో జూద వ్యసనం ఉన్నది. కనుక జూదరికి చికిత్స అందించడం ఎవరి దయ మీదా ఆధారపడవలసిన విషయం కాదని నా అభిప్రాయం.

సొమ్ము ఎక్కడ నుండి?

ఆన్‌లైన్ ఆటలు నిషేధించిన తరువాత సుంకం ఎవరి నుండి వసూలు చేస్తారని పాఠకులు అడగవచ్చు. లాటరీలు కేరళ మొదలైన రాష్ట్రాలలో నడుస్తున్నాయి. గోవాలో క్యాసినోలు ఉన్నాయి. హైదరాబాదు మలక్‌పేటలో గుర్రప్పందేలు జరుగుతున్నాయి. వీటిపై 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. 40 శాతం అయింది. కొత్త చట్టం క్రింద జరిమానాలు కూడా వసూలవుతాయి. ఈ రాబడిలో నూటికి ఒక్క రూపాయి తీసి చికిత్సకు ప్రత్యేకించినా మేలు జరుగుతుంది. రాజ్యాంగంలో జూదం, ప్రజారోగ్యం రెండూ రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి గనుక రాష్ట్రాలు కూడా చొరవ తీసుకోవచ్చు.

నా సూచనలు ఇవి. ఆ సొమ్మును మామూలు ఖజానాలో కలిపివేయకుండా వేరు పద్దు క్రింద ఉంచాలి. జూద వ్యాపారులకు గాని, వారి సంఘాలకు గాని దానిపై పెత్తనం ఉండరాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా జూద వ్యసనానికి ప్రత్యేక పరీక్ష జరపాలి. మద్యపాన చికిత్సా కేంద్రాలు జూదరులను కూడా చేర్చుకోవాలి. అప్పుల విషయంలో సలహా ఇచ్చేవారు అక్కడే ఉండాలి. ఆయుర్వేద వైద్యులకూ ఈ వ్యాధిని గుర్తించే శిక్షణ ఇవ్వాలి. మా వైద్యం వల్ల కలిగే ఫలితాన్ని కూడా నిష్పక్షపాతంగా పరిశోధించాలి. పరీక్షకు నిలవని మందును వదులుకోవడానికి మేము సిద్ధంగా ఉండాలి.

ఇంటివారు చేయదగినవి

జూదాన్ని మాన్పించే మూలిక ఏదీ శాస్త్రంలో నేను చూడలేదు. అట్టి మందు ఉన్నదని ప్రకటనలిచ్చే వారిని నమ్మరాదు. శాస్త్రం చెప్పిన మూడు విధాల చికిత్సలలో సత్త్వావజయం ఇక్కడ ప్రధానం. అనగా మనస్సును అహితమైన విషయాల నుండి మళ్ళించి నిలపడం. దీనికి తోడుగా ఇంట్లో ఈ క్రింది జాగ్రత్తలు పాటించవచ్చు.

1. జీతం, బ్యాంకు ఖాతా, ఫోను ద్వారా చెల్లింపులు కొంతకాలం రోగి అంగీకారంతో ఇంట్లో నమ్మకమైన వారి చేతిలో ఉండాలి.

2. అప్పులన్నీ ఒక కాగితం మీద వ్రాయించాలి. దాచిన అప్పు మళ్ళీ ఆటకు ఈడుస్తుంది. ఇంటివారు అడిగినప్పుడల్లా అప్పు తీర్చి చేతికి డబ్బు ఇస్తే వ్యాధి పెరుగుతుంది.

3. అహితమైన అలవాటును పాదం పాదంగా వదిలి, హితమైనదాన్ని పాదం పాదంగా చేర్చుకోవాలని చరకుడు చెప్పాడు. జూదాన్ని మాత్రం కొంచెం కొంచెంగా ఆడనివ్వక పూర్తిగా ఆపడమే మేలు. ఖాళీ అయిన ఆ వేళను నడక, తోటపని, భజన, చదువు వంటి వాటితో క్రమక్రమంగా నింపాలి. ముఖ్యంగా రాత్రి తొమ్మిది నుండి పన్నెండు వరకు రోగిని ఒంటరిగా ఫోనుతో వదలరాదు.

4. నిద్ర కోసం రాత్రి ఎనిమిది లోపు తేలికైన భోజనం, పడుకునే ముందు గోరువెచ్చని పాలు, అరికాళ్ళకు పది నిమిషాలు నువ్వులనూనె మర్దన మంచివి. అశ్వగంధను వైద్యుని సలహా లేకుండా వాడరాదు. థైరాయిడు, కాలేయ వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు తీసుకోరాదు.

5. మనోవైద్యుడు మందులిచ్చి ఉంటే వాటిని తమంత తాము ఆపరాదు.

6. "నేను పోతే మీకు అప్పుల బాధ ఉండదు" వంటి మాటలు వినిపిస్తే తేలికగా తీసుకోరాదు. వెంటనే 14416కు ఫోను చేయాలి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఒంటరిగా వదలరాదు.

ఆ యువకుని సంగతి చెప్పి ముగిస్తాను. అతడి మేనమామ ఖర్చు భరించి పట్నంలో ఎనిమిది నెలలు మనోవైద్యునికి చూపించాడు. మధ్యలో రెండుసార్లు మళ్ళీ ఆడాడు. రెండుసార్లూ తల్లికి తానే వచ్చి చెప్పాడు. ఇప్పుడు నిద్ర పడుతున్నది, ఆకలి అవుతున్నది, అప్పులో సగం తీరింది. తల్లి మెడలో ఇంకా పసుపుతాడే ఉన్నది.

అతడికి మేనమామ ఉన్నాడు. లేనివారి సంగతి ఏమిటి? మేనమామ లేని ఇంటికి ప్రభుత్వమే ఆ స్థానంలో నిలవాలి. పాఠకులు తమ శాసనసభ్యులకు ఈ విషయమై వ్రాయవలసిందిగా కోరుతున్నాను. తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. రోగి నిద్ర, ఆకలి అడిగిన తరువాత అప్పు సంగతి కూడా అడగండి. నేను మానుకొని తప్పు చేశాను. ఇప్పుడు ఎవరినీ అడగకుండా పంపడం లేదు.